ఎర్రమట్టి మలుపులో అడ్డం ఫొటో

తిరువూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఈ పది పదిహేనేళ్లలో పెళ్లయిన ఆడపిల్లల్లో చాలామంది ఫర్హత్ కెమెరా ముందు సిగ్గుపడుతూ కూర్చున్నవాళ్లే. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మగవాడు కెమెరా పట్టుకుని రావడం ఇష్టపడని ఇళ్లు ఇంకా ఉన్నాయి. సాయిబుల ఇళ్లలోనే కాదు, తోటలూ పొలాలూ ఉన్న పెద్ద రైతుల ఇళ్లలోనూ అంతే. "ఫర్హత్‌కి చెప్పండి, పద్ధతిగా తీస్తుంది" అనుకునేవాళ్లు. ఆమె వచ్చేది, చీర కుచ్చిళ్లు సర్దేది, గడ్డం కాస్త ఎత్తమనేది, కెమెరా నిలువుగా తిప్పి నొక్కేది. జడలో పూల దగ్గర్నుంచి కాళ్ల పారాణి దాకా మనిషి మొత్తం పట్టాలంటే నిలువే కదా. పని అయ్యాక బంతిలో ఒక చివర కూర్చుని భోంచేసి, ఎవరూ గమనించకుండానే బయటపడేది.

బస్టాండుకి కాస్త ఎగువన, రెండు మందుల షాపుల మధ్య ఇరుక్కున్నట్టుండే ఆ స్టూడియో వాళ్ల నాన్న పీర్‌సాహెబ్ పెట్టింది. కింద స్టూడియో, పైన ఒక గది, గది ముందు రేకుల కింద వంటకి కాస్త చోటు. ఫర్హత్‌ని నూజివీడు అబ్బాయికిచ్చి చేసిన పెళ్లి రెండేళ్లు కూడా నిలవలేదు. సంచీ పట్టుకుని తిరిగొచ్చిన కూతుర్ని పీర్‌సాహెబ్ ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున కెమెరా చేతికిచ్చి, "ఎ.కొండూరులో ఓణీల ఫంక్షన్ ఉంది, నువ్వెళ్లిరా" అన్నాడు, అంతే. ఆయన పోయాక తల్లి పీర్‌బీ ఖమ్మంలో ఉన్న కొడుకు ముషారఫ్ దగ్గరికి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ పై గదిలో ఫర్హత్ ఒక్కతే.

"వచ్చెయ్యవే ఇక్కడికి. ఒక్కదానివీ ఏం తింటున్నావో ఏంటో" అంటుంది తల్లి ఫోన్లో.

"ముహూర్తాలు అయిపోనీ, వస్తా."

ముహూర్తాలు అయిపోయేవి. ఆమె వెళ్లేది కాదు. పెళ్లిళ్లు లేని రోజుల్లో స్టూడియో తలుపు తీసి కూర్చుంటే పాస్‌పోర్ట్ సైజు ఫొటోల వాళ్లు ఒకరో ఇద్దరో వచ్చేవాళ్లు. "కాస్త ముందుకి జరగండి, భుజాలు సమానంగా పెట్టండి" అన్న మాటలు తప్ప, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె నోటి వెంట ఇంకో మాట వచ్చే అవకాశం లేని రోజులు చాలానే ఉండేవి.

ఆ రోజుల్లోనే జగన్నాథరావు మాస్టారు రేసుల సంగతి మొదలుపెట్టాడు. ఆయన డ్రిల్ మాస్టారుగా రిటైరైన మనిషి. ఎ.కొండూరు దాటాక మామిడితోటల వెనక ఆయనకో బీడు ఉంది. ఎర్రటి గరపనేల, ఏది వేసినా సరిగా పండేది కాదు. హైవే మీద కుర్రాళ్లు బైకులతో పందేలేసుకుని కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోవడం చూసి చూసి, "చచ్చేదేదో నా కళ్లముందే, హెల్మెట్ పెట్టుకుని చావండ్రా" అంటూ ఆ బీడులో జేసీబీ పెట్టించాడు. మిట్టలు పోయించాడు, వంకరటింకర దారి వేయించాడు, మలుపుల దగ్గర పాత లారీ టైర్లు వరసగా పాతించాడు. ఆర్నెల్లు తిరిగేసరికి విస్సన్నపేట, గంపలగూడెం, అవతల సత్తుపల్లి నుంచి కూడా కుర్రాళ్లు మట్టిబైకులు ఆటోల్లో ఎక్కించుకుని రావడం మొదలైంది.

మొదటి పెద్ద రేసుకి బెజవాడ నుంచి రావాల్సిన ఫొటోగ్రాఫర్ రాలేదు. మాస్టారు ఫర్హత్‌కి ఫోన్ చేశాడు. "పెళ్లిళ్లు తీస్తావు కదమ్మా, ఇదీ అంతే అనుకో. కాకపోతే వీళ్లెవరూ కదలకుండా నుంచోరు."

ఆ రోజు ఆమె తీసిన ఫొటోలు చూసుకుంటే ఆమెకే ఏడుపొచ్చింది. చేతికి ఉన్న అలవాటు కొద్దీ అన్నీ నిలువుగా తీసింది. పక్కనుంచి దూసుకుపోయే బండి నిలువు ఫొటోలో పట్టదు. ఒకదాంట్లో ముందు చక్రం తెగిపోయింది, ఇంకోదాంట్లో వెనక చక్రం. మొత్తం పట్టినవాటిల్లోనేమో కింద ఇంత మట్టి, పైన ఇంత ఆకాశం, మధ్యలో బండి మాత్రం స్టాండు వేసి నిలబెట్టినట్టుంది. అంత దుమ్ములో, అంత హోరులో నిలబడి తీస్తే, ఫొటోల్లో ఎక్కడా వేగం లేదు.

ఒక్కటి మాత్రం కుదిరింది. పెద్ద మిట్ట మీద నుంచి ఎవరో గాల్లోకి లేచారు. కింద నిట్టనిలువుగా దుమ్ము లేచింది, దాని పైన బండి, బండి పైన ఖాళీ ఆకాశం. అది నిలువుగా ఉండబట్టే ఎంత ఎత్తు లేచిందో తెలుస్తోంది. ఆ ఫొటోని ఆమె చాలాసేపు చూసింది. హెల్మెట్ వెనకనుంచి జడ కొస ఒకటి గాల్లోకి ఎగిరి ఉంది. అప్పుడుగానీ ఆమెకి తెలియలేదు, ఆ నడిపింది ఆడపిల్ల అని.

ఆ పిల్ల పేరు పూజిత. గంపలగూడెం దగ్గర పత్తి రైతు వెంకటప్పయ్య రెండో కూతురు. చిన్నప్పుడే తండ్రి మోటార్‌సైకిల్ మీద చేలోకి మందు డబ్బాలు మోసిన పిల్ల. ఎవరి దగ్గరో పాత మట్టిబైకు కొనిపించుకుని నేర్చుకుంది. ఫొటో సంగతి తెలిసి స్టూడియోకి వచ్చింది. ఒంటినిండా ఎర్రమట్టే.

"అక్కా, ఈ ఫొటో నువ్వు తీశావా? నేనేనా అది?"

"నువ్వే. జడ చూడు."

"అబ్బ... నేనింత పైకి లేచానా?" అని నవ్వింది పూజిత. నవ్వుతుంటే చెంపల మీద మట్టి పొడిపొడిగా రాలింది. "అక్కా, ఇక నుంచి ప్రతిసారీ నువ్వే తియ్యాలి. వేరేవాళ్లు తీస్తే నేను మగాడిలా ఉంటున్నా."

ఫర్హత్‌కి ఆ పనిమీద పట్టుదల పుట్టింది ఆ పిల్ల వల్లే. పెళ్లిళ్లు లేని ఆదివారాలు బైపాస్ రోడ్డు మీద కల్వర్టు గట్టున కూర్చుని వచ్చేపోయే లారీల్ని, బస్సుల్ని, షేర్ ఆటోల్ని తీసేది. బండి ఎటు పోతుంటే కెమెరా అటు, అదే వేగంతో తిప్పుకుంటూ నొక్కాలి. నొక్కాక కూడా చెయ్యి ఆపకూడదు. మొదట్లో అన్నీ అలుక్కుపోయిన మరకలే. ఒకాయన మోటార్‌సైకిల్ ఆపి మరీ అడిగాడు, "ఏంటమ్మా, రోడ్డు వెడల్పు చేస్తున్నారా? మా ఇల్లు పోతుందా?" అని. "లేదండీ, ఊరికే నేర్చుకుంటున్నా" అంటే నమ్మలేదు. మళ్లీ మళ్లీ వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు.

నెమ్మదిగా చేతికి తెలిసొచ్చింది. పక్కనుంచి పోయే బండికి అడ్డమే కావాలి, అదీ బండి ముందు ఖాళీ ఎక్కువ వదలాలి. ఎటు పోతోందో ఆ చోటు కనిపించకపోతే బండి గోడకి గుద్దుకోబోతున్నట్టుంటుంది. మిట్ట మీంచి లేచేటప్పుడు నిలువు. మలుపు తిరిగి సూటిగా మన మీదకొచ్చే బండికి నిలువు. అప్పుడు చక్రం, హ్యాండిలు, హెల్మెట్ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడి ఫొటో నిండిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి పోటీ పడే చోట మళ్లీ అడ్డం. ఇవన్నీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికీ ఎవరూ లేరు. తను నేర్చుకున్నది ఎవరికైనా చెప్పుకోవాలనిపించిన రోజున, ఉన్న ఒకే ఒక్క మనిషి పూజిత.

పూజితకి ఆ గొడవేం పట్టేది కాదు. "నువ్వెన్ని చెప్పక్కా, నాకు నిలువుదే కావాలి. ఫోన్లో చూస్తే అడ్డం ఫొటోలో నేను చీమంత ఉంటాను. నిలువుదైతే స్క్రీన్ నిండా నేనే."

"నువ్వు ఎక్కడున్నావో తెలియొద్దూ? చుట్టూ మనుషులు, టైర్లు, వెనక వచ్చేవాడు..."

"వెనకొచ్చేవాడు నాకెందుకక్కా? వాడు వెనకే కదా!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక పూజిత స్టూడియో ముందు బండాపి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని పైకొచ్చేది. ఫర్హత్ ఆ రోజు కాస్త ఎక్కువ బియ్యం పోసేది. ఆ పిల్ల ఎంత తిన్నా ఇంకా ఆకలే అనేది. గోడకి ఆనుకుని కాళ్లు బారజాపి, ఏ మలుపులో ఎవణ్ణి ఎలా దాటిందో పళ్లెంలో మెతుకులు జరిపి చూపించేది. ఆమె వెళ్లాక గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుండేది. ఫర్హత్ రెండు పళ్లాలూ కడిగి బోర్లించి, కిందికెళ్లి కూర్చునేది.

ఇలా రెండు వేసవులు గడిచాయి. మూడో ఏడు మామిడికాయ కోతల ముందు మాస్టారు పెద్ద రేసు పెట్టాడు. ఈసారి కోయంబత్తూరు నుంచి ఒక రేసింగ్ టీమ్ వాళ్లు చూడ్డానికి వస్తున్నారు, గెలిచినవాళ్లని తీసుకెళ్లి పరీక్షించి, బాగుంటే టీములో పెట్టుకుంటారు అని చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి పూజితకి నిద్ర లేదు. పోటీ అంటే ఉన్నది నవీన్ కుమార్ ఒక్కడితోనే. విస్సన్నపేటలో స్పేర్ పార్టుల షాపులో పనిచేసే కుర్రాడు, పెద్దగా మాట్లాడడు, బండి మాత్రం నీళ్లు పోసినట్టు నడుపుతాడు.

రేసు రోజు ఫర్హత్ చివరి మలుపు దగ్గర, టైర్లకి కాస్త వెనగ్గా నిలబడింది. బయల్దేరేముందు పూజిత హెల్మెట్ అద్దం ఎత్తి అరిచింది: "అక్కా, నిలువు! గుర్తుంది కదా!"

చివరి చుట్టులో ఇద్దరూ దాదాపు కలిసే వచ్చారు. మొదట ఆమె కెమెరా నిలువుగానే పట్టుకుంది. దుమ్ములో రెండు హెల్మెట్లు కనపడగానే చెయ్యి దానంతటదే అడ్డానికి తిరిగింది. నొక్కింది. ఆ వెంటనే రెండు బళ్లూ తగులుకున్న చప్పుడు. నవీన్ కుమార్ బండి టైర్ల మీదకెక్కి పల్టీ కొట్టింది. పూజిత బండి ఊగింది, పడబోయి నిలదొక్కుకుంది, గీత దాటేసింది.

నవీన్‌ని తిరువూరు తీసుకెళ్లారు. భుజం ఎముక విరిగిందన్నారు. ఆటోలో పడుకోబెడుతుంటే ఒక్కటే మాట అన్నాడట, "నా దారిలోకి కోసుకొచ్చింది" అని. పూజిత మాత్రం "వెనకనుంచి వాడే వచ్చి గుద్దాడు" అంది. మలుపు దగ్గర జెండా పట్టుకున్నవాడికి దుమ్ములో ఏమీ కనపడలేదు. సెల్‌ఫోన్లతో తీసినవాళ్లంతా మిట్ట దగ్గరే ఉన్నారు. కోయంబత్తూరు వాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. మాస్టారు ఫర్హత్ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నీకేమైనా పడిందా?"

"చూడాలి సార్. ఇంటికెళ్లి కంప్యూటర్లో చూసి చెప్తా."

"రేపు మధ్యాహ్నం దాకా ఆగుతామన్నారు వాళ్లు. చూసి చెప్పు."

ఎండ ఇంకా దిగకముందే ఆమె స్టూడియోలో కూర్చుని ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించింది. ఆ ఫొటో తెరుచుకుంది. ఇన్నేళ్లలో ఆమె తీసినవాటిల్లో అంత మంచిది లేదు. ఎడమ పక్క పూజిత, మోకాలు దాదాపు నేలకి ఆనేంత వాలిపోయి ఉంది. చక్రం కింద ఎర్రమట్టి విసనకర్రలా లేచింది. కుడి పక్క నవీన్ కుమార్. అతని ముందు చక్రం లోపలి టైర్ల వార, ఆమె చక్రం కంటే ముందుంది. దారి అతనిది. పూజిత బయటి నుంచి లోపలికి కోసుకొస్తోంది. అంతే అయితే పొరపాటే అనుకోవచ్చు. కానీ ఆమె హెల్మెట్ అతని వైపు తిరిగి ఉంది. చూస్తోంది. చూసే వస్తోంది.

ఫర్హత్ కంప్యూటర్ ఆపలేదు, ఫోన్ తియ్యలేదు. అన్నం కూడా వండుకోలేదు.

మర్నాడు పొద్దున్నే పూజిత వచ్చింది. వస్తూనే, "పడిందా అక్కా?" అంది. ఫర్హత్ కుర్చీ పక్కకి జరిపింది. పూజిత తెర ముందు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"చూశావా వాణ్ణి?" అంది ఫర్హత్.

"చూశా. వదుల్తాడనుకున్నా. ఎవరైనా వదులుతారక్కా అక్కడ. వాడు వదల్లేదు."

"వాడి దారి కదే అది."

పూజిత వెనక్కి జరిగి బల్ల మీద కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచి, తెర మీద వేలు పెట్టింది. వేలితో తన బండికి కుడి పక్కన పైనుంచి కిందకి ఒక గీత గీసింది. "ఇక్కడికి కోసెయ్యక్కా. ఇదిగో, ఇంతవరకే. నిలువుగా అవుతుంది. నేనడిగింది నిలువే కదా."

కోస్తే నిజంగానే అద్భుతంగా ఉంటుంది. ఫర్హత్‌కి చూడకుండానే తెలుసు. వాలిన బండి, లేచిన మట్టి, ఫొటో నిండా ఆ పిల్ల. పక్కన ఎవరూ ఉండరు. తప్పూ ఉండదు.

"అబద్ధం చెప్పమనట్లేదు. ఉన్నదాంట్లో సగం ఇవ్వమంటున్నా" అంది పూజిత. "నాకింకో అవకాశం రాదక్కా. సుప్రజక్క పెళ్లి అవగానే ఇంట్లో నా మీద పడతారు. వాడు మగాడు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోతాడు."

అది నిజమే. ఫర్హత్ లేచి వెళ్లి గోడకున్న ఫ్రేమ్ ఒకటి దించి తెచ్చింది. పెళ్లికూతురి ముస్తాబులో తన ఫొటోయే అది. స్టూడియోకి వచ్చినవాళ్లకి నమూనాగా ఎన్నో ఏళ్లుగా అక్కడే వేలాడుతోంది.

"ఇది నాన్న తీశాడు. అడ్డంగానే తీశాడు. పక్కన అతనున్నాడు. నేను వచ్చేశాక నాన్న కోసేసి నిలువు చేశాడు. నా మంచికే చేశాడులే, నేను చూసి బాధపడకూడదని." భుజం పక్క ఫొటో అంచు చూపించింది. అక్కడ దండలోంచి విడిపోయిన పూలు రెండు, ఎవరిదో మరి, చిటికెన వేలి కొస. "వచ్చినవాళ్లంతా అడుగుతారు, ‘ఒక్కదానివే దిగావేంటమ్మా పెళ్లిబట్టల్లో?’ అని. ఇప్పటికీ ఏం చెప్పాలో తెలీదు నాకు. ఉంచేసి ఉంటే, ఇతను ఫలానా, కలిసుండలేదు అని ఒకసారి చెప్పేసి ఊరుకునేదాన్ని."

పూజిత ఆ వేలి కొసని చూసింది. "నా సంగతి వేరక్కా."

"వేరే. కానీ ఆ అబ్బాయి భుజం విరిగింది. వాడు చెప్పిన మాట కూడా నేను కోసెయ్యాలంటే ఎలా?"

"అయితే ఇచ్చేస్తావా?"

"నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. నీ చేత్తో ఇస్తే మాస్టారు ఇంకోలా చూస్తారు."

పూజిత తల అడ్డంగా ఊపింది. కళ్లనిండా నీళ్లున్నాయి గానీ కారనివ్వలేదు. "నువ్వు నాకు అక్కవనుకున్నా" అంది. ఆ మాట అరిచి అని ఉంటే బాగుండేది. మామూలుగా, టికెట్టు అడిగినట్టు అంది. బయటికెళ్లి బండి తీసింది. ఆ చప్పుడు బోసుబొమ్మ సెంటరు దాటేదాకా ఫర్హత్‌కి వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి ఫొటో మాస్టారు ఫోన్‌కి వెళ్లింది. అడ్డంగా, మొత్తం.

మాస్టారు అందర్నీ పిలిచి చూపించాడు. పూజిత గెలుపు చెల్లదన్నారు. నవీన్ భుజం విరిగింది కాబట్టి అతన్నీ తీసుకోలేదు. వాళ్ల వెనక వచ్చిన సత్తుపల్లి కుర్రాడికి పిలుపొచ్చింది. ఎవరికీ మేలు జరిగినట్టు లేదు. నవీన్ స్నేహితులు "ఆ రోజే ఎందుకు చూపించలేదు? పిల్లతో బేరం కుదరక ఇచ్చి ఉంటుంది" అని ఎవరి దగ్గరో అన్నారట. ఆ మాట ఫర్హత్ దాకా వచ్చింది.

వారం తర్వాత వెంకటప్పయ్య వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కూర్చోండి బాబాయిగారూ."

"పర్లేదమ్మా. పెద్దమ్మాయి సుప్రజ పెళ్లికి నీకు చెప్పాం కదా... మా వియ్యాలవారు వాళ్ల మనిషినే పెట్టుకుంటామన్నారు." చేతిలో సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "నువ్వు చేసింది తప్పని నేననను. అట్లాగని ఇంట్లో పిల్ల మొహం చూళ్లేకపోతున్నా. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, అదేం లేదండి. పెళ్లి బాగా చెయ్యండి."

ఆయన వెళ్లాక ఫర్హత్ స్టూడియో తలుపు దగ్గరగా వేసింది. ఆ పెళ్లికి తను కట్టుకుందామనుకున్న చీర పైన మడత పెట్టి ఉంది.

ఆ వానాకాలం చాలా పొడుగ్గా అనిపించింది. ఆదివారాలు బైపాస్ రోడ్డు మీద బళ్ల శబ్దం వింటూ పైన కూర్చునేది. వండుకుంటే పొద్దుటిది సాయంత్రం దాకా మిగిలేది. తల్లి ఫోన్ చేసి, "గొంతేంటే అలా ఉంది?" అంటే, "ఎవరితో మాట్లాడక అలా అయిందిలే" అని నవ్వేది. ఒకసారి ఖమ్మం వెళ్లింది కూడా. తమ్ముడి పిల్లలు మీద పడి ఆడుకున్నారు, మరదలు మంచిగానే చూసింది. అక్కడా ఆమెకి రెండోరోజుకే తోచలేదు. ఎవరింట్లో వాళ్లకి పనులున్నాయి. తిరిగొచ్చేసింది.

మాస్టారు పిలిచినప్పుడల్లా రేసులకి మాత్రం వెళ్లేది. షేర్ ఆటో దిగి తోటల్లోంచి నడిచి, ఆ చివరి మలుపు దగ్గరే నిలబడేది. కుర్రాళ్లు "నమస్తే మేడం" అని దూరంగా వెళ్లిపోయేవాళ్లు. పక్కకొచ్చి ఎవరూ నిలబడేవాళ్లు కాదు. ఏ ఫొటోలో ఏం బయటపడుతుందోనని భయం కాబోలు. పూజిత కూడా వచ్చేది. నడిపేది, గెలిచేది, హెల్మెట్ తియ్యకుండానే బండి ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయేది. ఫర్హత్ ఆమెని అందరిలాగే తీసేది. ఫొటోలు మాస్టారుకి పంపేది. ఆయన ఎవరెవరికి పంపేవాడో అడిగేది కాదు.

కార్తీకం వెళ్లాక ఒకరోజు నవీన్ కుమార్ స్టూడియోకి వచ్చాడు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకి. హైదరాబాదులో ఏదో వర్క్‌షాపులో ఉద్యోగమట. కుర్చీలో కూర్చోబెట్టి, "భుజాలు సమానంగా పెట్టు" అంది అలవాటుగా. అని నాలుక్కరుచుకుంది. అతని కుడి భుజం పూర్తిగా పైకి రావడం లేదు.

"ఇంతే వస్తుంది మేడం" అన్నాడతను, నవ్వుతూ.

"నొప్పుందా?"

"చలికి కాస్త ఉంటుంది." ఫొటో తీయించుకుని లేచాడు. వెళ్లబోతూ ఆగాడు. "పూజిత మా ఇంటికొచ్చింది మేడం. వాళ్ల నాన్నని తీసుకుని. ఆ కోయంబత్తూరు వాళ్లకి కూడా తనే ఫోన్ చేసిందట, నేనే తప్పు చేశా, మళ్లీ ఒకసారి చూడండి, ఇద్దర్నీ చూడండి అని. నా చెయ్యి ఇట్లా ఉంది కదా, నేను రానన్నా. తను వెళ్తోంది. మీకు చెప్పలేదా?"

"లేదు."

"చెప్తుంది లెండి" అన్నాడు. అతనికీ నమ్మకం ఉన్నట్టు లేదు.

పూజిత వెళ్లిపోయింది. చెప్పలేదు. ఎ.కొండూరులో ఎవరో అంటుంటే ఫర్హత్ చెవిన పడింది, వెళ్లి నెల దాటిందని. ఆ రోజు ఆమె ఒక నిశ్చితార్థానికి ఫొటోలు తీస్తోంది. "మేడం, ఇటు" అని పిలిస్తే పలకడానికి కాస్త టైం పట్టింది. సంతోషపడాలో, బాధపడాలో తెలియలేదు. రెండూ కలిపి పడింది, పని ఆపకుండా.

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయి ఎండలు ముదరడం మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. పూజిత నంబరు. ఫొటోలో మనిషెవరూ లేరు. ఖాళీగా ఉన్న ట్రాక్, దూరంగా కొండలు, ఒక మలుపు, దాని పక్కన వేపచెట్టు. కింద ఒక్క వాక్యం: "అక్కా, ఇక్కడ ఫొటోలు తీసే అబ్బాయికి ఏమీ రాదు. నువ్వైతే ఎక్కడ నిలబడి తీస్తావు?"

ఫర్హత్ ఆ ఫొటోని పెద్దది చేసి చూసింది. వెలుగు ఎటునుంచి పడుతోందో చూసింది, బళ్లు ఎటునుంచి వస్తాయో అంచనా వేసింది. "మలుపుకి బయటి పక్క. వేపచెట్టు నీడ పడే చోట. అడ్డంగా తియ్యమను" అని రాసింది. ఇంకేదో రాయబోయి చెరిపేసింది. మళ్లీ రాసి, మళ్లీ చెరిపేసింది. చివరికి ఆ వాక్యం మాత్రమే పంపింది.

జవాబు మర్నాడొచ్చింది. "అక్కడ కంచె ఉందక్కా."

"అయితే ఇంకొంచెం వెనక్కి జరగమను. కంచె మసకైపోతుంది, కనపడదు."

"సరే."

ఇప్పుడు వాళ్లిద్దరి మధ్యా మాటలంటే ఇవే. నెలకోసారో రెండుసార్లో ఒక మలుపు ఫొటో వస్తుంది. ఈమె ఎక్కడ నిలబడాలో, అడ్డమో నిలువో చెప్తుంది. బాగున్నావా అని ఆ పిల్ల అడగదు, తిన్నావా అని ఈమె అడగదు. ఫోన్ మోగినప్పుడల్లా ఫర్హత్ చేతిలో పని పక్కన పెట్టి చూస్తుంది. ఎక్కువసార్లు అది పెళ్లివాళ్ల ఫోనే అయి ఉంటుంది. "ఆఁ, చెప్పండమ్మా, ముహూర్తం ఎన్నింటికి?" అంటుంది.